గ్రంథాలయంలో విషయ సేకరణ: విద్యార్థులకు నాలుగు మాటలు

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మన సంఘం తరఫున శాఖా గ్రంథాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు మన కార్యదర్శి గారితో ఒక మాట అన్నాను. "అయ్యా, నేను పండితుణ్ణి కాను, ఆచార్యుణ్ణి కాను. ముప్ఫయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. పరిశోధన గురించి నేనేం చెబుతాను?" అన్నాను. ఆయన నవ్వి, "పాత ఫైలు వెతికి తీయడం మీకు వచ్చు కదా, అదే చెప్పండి" అన్నారు. ఆలోచిస్తే ఆయన మాట నిజమే అనిపించింది. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడ్డాను.

మన పెద్దలకు తెలిసిన విషయమే, పిల్లల కోసం చెబుతాను. మా ఆఫీసుల్లో టాటెన్‌హామ్ పద్ధతి అని ఒకటి ఉండేది. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు, అది ఏ సెక్షనుకు వెళ్ళిందో, ఎప్పుడు ముగిసిందో ఒక రిజిస్టరు. ముగిసిన ఫైలు శాశ్వతంగా ఉంచవలసినదైతే ఆర్.డిస్., ఏడాది తరువాత తీసివేయదగినదైతే ఎల్.డిస్. అని గుర్తు వేసి రికార్డు రూముకు పంపేవాళ్ళం. గుమాస్తా ఏదైనా నోటు రాసి పైకి పంపితే, ఆఫీసరు గారు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "వెనకటి కాగితాలేవి?" అవి జతపరచకుండా ఎంత చక్కని దస్తూరితో రాసినా ఆ ఫైలు తిరిగి మన బల్ల మీదికే వచ్చేది. పిల్లలూ, పరిశోధన అంటే పెద్ద మాట అనుకుని బెదరకండి. వెనకటి కాగితాలు చూసి రాయడమే పరిశోధన. మీకు రికార్డు రూము ఈ గ్రంథాలయం.

వెనకటి కాగితాలు చూడకపోతే ఏమవుతుందో నా అనుభవం ఒకటి చెబుతాను. ఇంతవరకు సభలో ఎక్కడా చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక కార్యాలయంలో పెన్షన్ కాగితాలు చూసే బల్ల నాకు ఇచ్చారు. ఒక అటెండరు సర్వీసులో ఉండగానే పోయాడు. అతని భార్యకు కుటుంబ పెన్షన్ రావాలి. కాగితాల్లో ఏదో చిన్న లోపం కనిపించింది. సీనియర్ల నోట విన్న నియమం ఒకటి గుర్తుంది. నియమాల పుస్తకం తీసి చూశాను, అందులోనూ అలాగే ఉంది. అభ్యంతరం రాసి వెనక్కి పంపాను. ఆ ఫైలు కిందికీ పైకీ ఏడు నెలలు తిరిగింది. ఆవిడ ఇద్దరు పిల్లలతో బస్సెక్కి వచ్చి వరండాలో కూర్చునేది. "ఇంకా రాలేదమ్మా" అని చెప్పి పంపేవాణ్ణి.

చివరికి కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు గారు బీరువా అడుగున ఉన్న ఒక కవరు తీయించారు. అందులో కరెక్షను స్లిప్పులు ఉన్నాయి. అనగా నియమం మారినప్పుడు ప్రభుత్వం అచ్చువేసి పంపే చీటీలు, పుస్తకంలో ఆయా పుటల్లో అంటించవలసినవి. మా ప్రతిలో ఎవరూ అంటించలేదు. నేను చూపిన నియమం అంతకు చాలా ముందే మారిపోయింది. నేను పుస్తకం చూడకపోలేదు, చూశాను. కానీ అది పాత ప్రతి అని గమనించలేదు. పెన్షన్ మంజూరైన రోజు ఆవిడ వచ్చి నాకు దండం పెట్టి వెళ్ళింది. ఆ ఏడు నెలలు ఇల్లు ఎలా గడిచిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ దండం నాకు ఇప్పటికీ బరువే. కాబట్టి పిల్లలూ, తప్పు విషయం రాస్తే మార్కులు పోవడం చిన్న సంగతి. రాసిన దాన్ని నమ్మి ఎవరో ఒకరు నష్టపోతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలికి కిందటి ఏడాది బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. విషయం ధవళేశ్వరం ఆనకట్ట. సాయంత్రానికల్లా పన్నెండు కాగితాలు ప్రింటు తీయించుకొచ్చి, "తాతయ్యా, అయిపోయింది, అట్ట వేసిపెట్టు" అంది. అట్ట వేయబోతూ చదివాను. ఒక పుటలో ఆనకట్ట 1850లో కట్టారని ఉంది, మరో పుటలో 1852 అని ఉంది. పైన రంగుల బొమ్మ, దాని కింద "కాటన్ దొర కట్టిన ఆనకట్ట" అని రాసి ఉంది. బొమ్మలో చూస్తే బారుగా ఇనుప గేట్లు, పైన రోడ్డు, దాని మీద బస్సు.

"అమ్మా, ఈ రెండు సంవత్సరాల్లో ఏది నిజం?" అన్నాను.

"రెండూ ఫోనులోనే ఉన్నాయి తాతయ్యా."

"ఫోనులో ఉన్నాయి సరే, ఫోనుకు ఎవరు చెప్పారు?"

దానికి జవాబు లేదు. మరునాడు ఇద్దరం గ్రంథాలయానికి బయలుదేరాం. అక్కడ మేము చేసిన పని వరుసగా చెబుతాను. మీకు ఏ విషయం ఇచ్చినా ఇదే వరుస పనికివస్తుంది.

మొదటిది, విషయాన్ని ప్రశ్నగా మార్చుకోవాలి. "ధవళేశ్వరం ఆనకట్ట" అనేది శీర్షిక మాత్రమే, ప్రశ్న కాదు. శీర్షిక పట్టుకుని వెతికితే సముద్రంలో దిగినట్టే. మా మనవరాలి చేత మూడు ప్రశ్నలు రాయించాను. ఆనకట్ట ఎందుకు కట్టవలసి వచ్చింది? ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తయింది? ఇవాళ మనం చూస్తున్నది ఆ ఆనకట్టేనా? ప్రశ్నలు కాగితం మీద ఉంటే, చదివే పుస్తకంలో ఏ పుట కావాలో, ఏది అక్కరలేదో మనకే తెలుస్తుంది.

రెండవది, గ్రంథపాలకుణ్ణి అడగాలి. చాలామంది పిల్లలు బిడియపడి అల్మారాల మధ్య తిరిగి తిరిగి ఇంటికి పోతారు. పాఠకుడి కాలాన్ని ఆదా చేయడం గ్రంథాలయ ధర్మాలలో ఒకటని ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో వెలువరించిన తమ గ్రంథంలో చెప్పారు. అడగడం మీ హక్కు, చూపించడం వారి ధర్మం. అయితే అడిగే పద్ధతి ఒకటి ఉంది. "ఆనకట్ట పుస్తకం ఉందా అండీ" అంటే ఉన్న ఒక్క పుస్తకం ఇస్తారు. "గోదావరి డెల్టాకు నీటి వసతి ఎలా వచ్చిందో తెలుసుకోవాలండీ" అంటే నాలుగు అల్మారాలు చూపిస్తారు.

నాలుగు అల్మారాలు అని ఎందుకన్నానంటే, ఒకే విషయం గ్రంథాలయంలో ఒకే చోట ఉండదు. చాలా గ్రంథాలయాలలో పుస్తకాలను డ్యూయీ దశాంశ పద్ధతిలో అమరుస్తారు. వెన్ను మీద అంటించిన చీటీలో ఉండే నంబరు అదే. ఆనకట్టల నిర్మాణం 627లో ఉంటుంది. భారతదేశ చరిత్ర 954లో ఉంటుంది. వ్యవసాయం 630లో, జీవిత చరిత్రలు 920లో. కాటన్ గారి జీవితం ఒక చోట, ఆయన కట్టిన కట్టడం ఇంకో చోట, ఆ నీటితో పండిన వరి మూడో చోట ఉంటాయి. మా ఆఫీసులో ఒకే మనిషి కాగితాలు సర్వీసు సెక్షనులో కొన్ని, అకౌంట్సులో కొన్ని ఉన్నట్టే. కేటలాగు చూడటం తెలిస్తే వీటన్నిటికీ దారి దొరుకుతుంది. రచయిత పేరుతో, పుస్తకం పేరుతో, విషయం పేరుతో, మూడు విధాలా వెతకవచ్చు. అది చెక్క సొరుగుల్లోని కార్డులైనా, కంప్యూటరు తెర అయినా లెక్క ఒకటే.

మూడవది, పేర్లూ కాలాలూ మారతాయని గుర్తుంచుకోవాలి. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ధవళేశ్వరాన్ని డౌలేశ్వరం అని రకరకాల స్పెల్లింగులతో రాశారు. కృష్ణా జిల్లా కిస్ట్నా, విశాఖపట్నం వైజాగపటం. ఆనకట్టను అనికట్ అన్నారు, అది తమిళ మాట నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఈ రూపాలు తెలియకపోతే, పుస్తకం ఎదురుగా ఉన్నా కనపడదు. జిల్లాలూ అంతే. ఆనకట్ట కట్టిన నాటికి ధవళేశ్వరం రాజమండ్రి జిల్లాలో ఉంది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. 1925లో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అయ్యాయి. 2022లో జిల్లాలు మళ్ళీ విభజించారు. ఏ కాలం సంగతి కావాలో చూసుకుని ఆ కాలపు జిల్లా పేరుతో వెతకాలి.

తెలుగు పుస్తకాల్లో ఇంకో చిక్కు ఉంది. పెద్దలు సంవత్సరాలను పేర్లతో రాసేవారు. గుంటూరు సీమను నాశనం చేసిన డొక్కల కరువు నందన నామ సంవత్సరంలో వచ్చిందని ఉంటుంది. నందన అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. 1832లో వచ్చింది, 1892లో వచ్చింది, 1952లో వచ్చింది, 2012లోనూ వచ్చింది. ఇక్కడ చెప్పినది 1832-33 నాటిది. చుట్టూ ఉన్న సంగతులు చూసి సరైన నందనను పట్టుకోవాలి, లేకపోతే అరవై ఏళ్ళ తేడా వస్తుంది.

నాలుగవది, ఏ పుస్తకానికి ఎంత విలువ ఇవ్వాలో తెలుసుకోవాలి. మొదట విజ్ఞాన సర్వస్వం లాంటిది చూసి విషయం స్థూలంగా గ్రహించాలి. తరువాత ఆ జిల్లా గురించిన గ్రంథాలు చూడాలి. మా గోదావరి జిల్లాకు హెన్రీ మోరిస్ రాసిన గ్రంథం 1878లో వచ్చింది, ఎఫ్.ఆర్. హెమింగ్వే రాసిన గెజెటీర్ 1907లో వచ్చింది. డెల్టా కట్టడాల మీద జార్జి వాల్ష్ అనే ఇంజనీరు ప్రత్యేకంగా రాసిన గ్రంథం 1896 నాటిది. కాటన్ గారి కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవిత చరిత్రను 1900లో ప్రచురించారు. ఇలాంటి పాత గ్రంథాలు శాఖా గ్రంథాలయంలో దొరకకపోవచ్చు. పెద్ద గ్రంథాలయాలకు వెళ్ళి అడగాలి. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. 1898లో నాళం కృష్ణారావు గారు విద్యార్థి వయసులో ప్రారంభించిన వసురాయ గ్రంథాలయం దానికి మూలం. మీ వయసు పిల్లవాడు మొదలుపెట్టిన పని ఇన్ని తరాల పాఠకులకు నీడ ఇచ్చింది, గమనించండి. అక్కడికీ వెళ్ళలేనివారు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, భారత జాతీయ డిజిటల్ లైబ్రరీలో వెతకవచ్చు. పాత పుస్తకాల పుటలు ఉన్నవి ఉన్నట్టుగా ఫోటోలు తీసి పెట్టినవి అక్కడ ఎన్నో ఉన్నాయి. నేను ఫోనుకు శత్రువును కాను. ఫోను చెప్పిన మాటను నమ్మవద్దు, ఫోను చూపించిన పుటను చదవండి అంటాను.

ఎవరు రాశారన్నది కూడా ఆలోచించాలి. కూతురు రాసిన తండ్రి చరిత్రలో ప్రేమ ఉంటుంది. ప్రభుత్వ గెజెటీరులో ప్రభుత్వం చేసిన మంచి పని కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల అవి పనికిరావని కాదు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవాలి. రెండు వేరు వేరు చోట్ల ఒకే మాట దొరికితే దానికి బలం. అయితే ఆ రెండోవాడు మొదటివాణ్ణి చూసి రాసి ఉంటే అది ఒక్క సాక్ష్యమే అవుతుంది, రెండు కాదు.

ఐదవది, చీటీ రాయాలి. ఒక చీటీ మీద ఒకే విషయం. పైన పుస్తకం పేరు, రచయిత, ప్రచురించిన సంవత్సరం, పుట సంఖ్య. ప్రచురించిన సంవత్సరం మరవకండి, నా కరెక్షను స్లిప్పుల కథ గుర్తుంచుకోండి. పుస్తకంలోని మాటలు యథాతథంగా ఎత్తి రాస్తే ఉటంకింపు గుర్తులు పెట్టండి, మీ మాటల్లో రాస్తే అలాగని రాయండి. ఈ తేడా చూపకపోతే అది దొంగతనం కిందికే వస్తుంది. పుస్తకం మొత్తం చదవనక్కరలేదు. ముందు విషయసూచిక చూడండి, ఆపైన చివర ఉండే అకారాది పట్టిక చూడండి. కావలసిన పుట అక్కడే దొరుకుతుంది. రిఫరెన్సు పుస్తకాలు ఇంటికి ఇవ్వరు. పుటల మూలలు మడవకండి, పెన్నుతో గీతలు పెట్టకండి.

పుట సంఖ్య ఎందుకు అంటారేమో. మన పెద్దలందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాను. డిసెంబరు 17 మనకు పెన్షనర్ల దినం. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ దయాధర్మం కాదని, అది హక్కని మనకు ధీమా ఇచ్చిన తీర్పు. సభల్లో ఆ పేరు చెప్పనివారు లేరు, తీర్పు చదివినవారు ఎందరున్నారో చేతులెత్తమంటే ఇబ్బంది పడతాం. అది చదవాలంటే ఎ.ఐ.ఆర్. 1983 ఎస్.సి. 130 అని ఒక గుర్తు ఉంటుంది. ఆల్ ఇండియా రిపోర్టర్, 1983 సంపుటి, సుప్రీంకోర్టు విభాగం, 130వ పుట అని దాని అర్థం. అంత చిన్న గుర్తుతో దేశంలో ఏ న్యాయ గ్రంథాలయానికి వెళ్ళినా సరిగ్గా ఆ పుట తెరవవచ్చు. మీరు రాసే ప్రతి మాట వెనక అలాంటి గుర్తు ఒకటి ఉండాలి. చదివేవాడు మిమ్మల్ని నమ్మనక్కరలేదు, వెళ్ళి చూసుకోగలగాలి.

ఇంతకీ మా మనవరాలు ఏం తేల్చిందో చెప్పలేదు కదూ. 1832-33 కరువు దెబ్బ తిన్న తరువాత ఈ ప్రాంతం దుస్థితిలో పడింది. పరిస్థితి పరిశీలించి సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదిక ఇచ్చారు. ఆర్థర్ కాటన్ గారు 1844లోను, 1845లోను నివేదికలు సమర్పించి ఆనకట్టకు ప్రతిపాదన చేశారు. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం రెండు మైళ్ళకు పైగా రాతికట్టడం. 1850 అని రాసిన చోట ఏ ఆధారమూ చూపలేదు కనుక దాన్ని పక్కన పెట్టింది. ఇక బొమ్మలోని గేట్ల సంగతి. అది పాత ఆనకట్ట కాదు. 1970 దశకంలో పని సాగి 1982లో పూర్తయిన బ్యారేజి, దానికి 175 గేట్లు ఉన్నాయి, కాటన్ గారి పేరు పెట్టారు. పేరు ఆయనది, కట్టడం మన ఇంజనీర్లదీ మన కూలీలదీ. రోజూ దాని మీద బస్సులో తిరిగే నేను కూడా ఈ తేడా ఎవరికీ ఎప్పుడూ చెప్పిన పాపాన పోలేదు.

పన్నెండు పుటల ప్రాజెక్టు నాలుగు పుటలకు తగ్గింది. రంగుల బొమ్మలు తక్కువని రెండు మార్కులు కూడా తగ్గాయి. నేనేమీ బాధపడలేదు. చివరి పుటలో అది రాసిన వాక్యం నాకు నచ్చింది. ఆనకట్ట కట్టడానికి వేలమంది కూలీలు పనిచేశారని ఉంది, ఇంజనీర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, వీణం వీరన్న గారి పేరు మనవాళ్ళు చెప్పుకుంటారు, మిగతావారి పేర్లు తనకు ఎక్కడా దొరకలేదని రాసింది. "తాతయ్యా, వాళ్ళ పేర్లు ఎక్కడుంటాయి?" అని అడిగింది. పాత జీతాల పట్టీలు ఏ రికార్డు ఆఫీసులోనైనా మిగిలి ఉంటే అక్కడ వెతకాలమ్మా అన్నాను. దానికి నా దగ్గర అంతకు మించిన జవాబు లేదు. కానీ అలాంటి ప్రశ్న ఫోనులో ప్రింటు తీయించిన పన్నెండు పుటల్లోంచి పుట్టేది కాదు.

చివరగా నా తోటి పెన్షనర్లకు మూడు మనవులు. మొదటిది, మన ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఇన్నేళ్ళు కట్టాం, పేపరు చదివి వచ్చేస్తున్నాం. ఇకపై ఒక్కొక్కరం ఒక్కొక్క పిల్లవాణ్ణి వెంట తీసుకుని రావాలి. వాళ్ళకు కళ్ళున్నాయి, మనకు తీరిక ఉంది. రెండవది, మన ఇళ్ళలో అటక మీద ఉన్న పాత పుస్తకాలు, డైరీలు, సర్వీసు కాలపు ఫోటోలు, సావనీర్లు చిత్తుకాగితాల వాడికి కిలోల లెక్కన వేయకండి. ఒకసారి గ్రంథపాలకుల చేత చూపించండి. రేపటి పిల్లలకు అవే వెనకటి కాగితాలు. మూడవది, మన సంఘం పత్రిక సంచికలు ఏడాదికొక సంపుటిగా బైండు చేయించి ఈ గ్రంథాలయానికి ఇద్దాం. మొదటి సంపుటి బైండు ఖర్చు నేను భరిస్తాను.

పిల్లలూ, మీరు పెద్ద ఉద్యోగాలు చేస్తారు. ఏదో ఒక రోజు మీ బల్ల ముందు కూడా ఎవరో ఒకావిడ పిల్లలతో వచ్చి నిలబడుతుంది. నోటు రాసేముందు పుస్తకం తీయండి. తీసిన పుస్తకం ఏ సంవత్సరం ప్రతో చూడండి.